తాతగారి పిస్తోలు దాచుకోటానికా, పేల్చుకోటానికా?

పోయిన నెల ఎయిర్ రైఫిల్ మీద రాసిన జవాబు చూసి కోనసీమలో అందరూ అటకలు దులిపినట్టున్నారండి, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పాత పిస్తోళ్ళ గురించే. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఈ నెలంతా వాటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా తాతగారు 1950ల్లో మద్రాసులో ఒక షాపులో కొన్న బెల్జియం బ్రౌనింగ్ 32 పిస్తోలు మా ఇంట్లో ఉందండి, ఆయన పోయాక నాన్నగారి లైసెన్సులోకి వచ్చింది. నాన్నగారికి 70 దాటాయి, నా పేరు మీదకి మార్చేద్దాం అంటున్నారు. స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే ఇనప భాగం) మీద చిన్న డేగ బొమ్మ, దాని కింద 140 అంకె ఉంది. మెషీన్ మీద గీరినట్టు సన్నటి గీతలు కూడా ఉన్నాయి. తెలిసినాయన ఒకడు నికెల్ పూత వేయిస్తే కొత్తదాన్లా మెరుస్తాది, రేటు కూడా పెరుగుద్ది అంటున్నాడు. ఇది కలెక్షన్ వాళ్ళు కొనే రకమా, రేంజ్ లో కాల్చుకోవచ్చా, అసలెంత చేస్తాది? (ముమ్మిడివరం పాఠకుడు)

జవాబు: ముందు ఆ నికెల్ ఆయన్ని గుమ్మం దగ్గరే ఆపెయ్యండి బాబూ. మీరు రాసిన గుర్తుల్ని బట్టి అది బెల్జియంలోని ఎఫ్ఎన్ అనే తుపాకుల కంపెనీ 1922 మోడల్ అయ్యుంటాది. అమెరికా తుపాకుల డిజైనర్ జాన్ బ్రౌనింగ్ 1910లో చేసిన చిన్న పిస్తోలుకే బ్యారెల్ పొడుగు చేసి, స్లైడ్ మూతికి ఇంకో గొట్టం ముక్క తగిలించి, పిడి కాస్త పెంచి చేసింది. అప్పట్లో సెర్బులు క్రొయేట్లు స్లొవీన్ల రాజ్యం, అంటే తర్వాతి యుగోస్లావియా, సైన్యానికి కావాలంటే ఇలా మార్చారు. (అదే 1922 ఆగస్టులో మన పైన రంపలో అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోతున్నాడు, సంబంధం ఏం లేదు, ఏడాది గుర్తుంటాదని చెప్పా.) 32 బోర్ (అంటే గొట్టం లోపలి కొలత) లో మ్యాగజైన్ కి, అంటే పిడిలో దూర్చే తూటాల డబ్బాకి, 9 తూటాలు పడతాయి.

ఇప్పుడు ఆ డేగ సంగతి. 1940 మేలో జర్మన్లు బెల్జియం మీద పడ్డాక హెర్స్టాల్ లో ఉన్న ఎఫ్ఎన్ ఫ్యాక్టరీని తమ చేతిలోకి తీసుకుని ఇదే పిస్తోలుని తమ సైన్యం కోసం చేయించుకున్నారు. తయారైనదాన్ని జర్మన్ ఇన్స్పెక్టర్ చూసి కొట్టిన ముద్రే ఆ డేగ, కింద అంకె ఆ ఆఫీసు నంబరు. మొదట 613, తర్వాత కొన్నాళ్ళు 103, ఆ తర్వాత ఎక్కువ కాలం 140 వాడారు. అంటే 140 ఉన్నవే బయట ఎక్కువగా కనిపిస్తాయి, అరుదైన సరుకు అని ఎవరైనా అంటే నమ్మకండి, కానీ మామూలు సివిల్ పిస్తోలు కన్నా దీనికి గిరాకీ ఉంటాది అన్నది మాత్రం నిజం.

మీరు గీతలు అంటున్నారు చూశారా, అవి దెబ్బలు కావండి. యుద్ధం ముదిరేకొద్దీ ఫ్యాక్టరీలో నునుపు చేసే తీరిక తగ్గిపోయింది, కట్టర్ తిరిగిన జాడ లోహం మీద అలాగే వదిలేసి పైన బ్లూయింగ్ (నీలి నలుపు పూత) వేసేసేవారు, కొన్నిటికి మామూలు పిడి పలకల బదులు చెక్కవి కూడా బిగించారు. అంటే ఆ గరుకుతనమే అది ఎప్పటిదో చెప్పే సాక్ష్యం. మనవాళ్ళు పాత ఇత్తడి బిందెకి చింతపండు పెట్టి తోమినట్టు దీన్ని తోమేసి నికెల్ కొట్టించారంటే గీతలూ పోతాయి, డేగా చెరిగిపోద్ది, మిగిలేది మెరిసే ఇనప ముక్క. కలెక్షన్ చేసేవాడికి అరిగిపోయిన అసలు బ్లూ ముందు, నిగనిగలాడే కొత్త పూత ఎందుకూ పనికిరాదు.

ఇది వరకే ఎవరైనా పూత వేయించేశారేమో ఎలా తెలుస్తాదంటారా, భూతద్దం పెట్టి స్లైడ్ మీద అక్షరాల అంచులు చూడండి. అసలుదైతే అక్షరం గోడలు నిటారుగా, పదునుగా ఉంటాయి. పాలిష్ చక్రం మీద పెట్టినదైతే అంచులు కరిగిపోయినట్టు గుండ్రంగా అవుతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న గుంట పడుద్ది, పాత తుప్పు గుంటల లోపల కూడా కొత్త నలుపే కనిపిస్తాది. పూత తర్వాత తుప్పు పట్టి గుంట పడాలి గానీ గుంటలో పూత ఎలా వచ్చింది అని అడుక్కుంటే అర్థం అయిపోద్ది.

తర్వాత నంబర్లు. ఈ మోడల్ లో కుడివైపు ఫ్రేమ్ (పిడితో కలిసున్న కింది భాగం) మీద, స్లైడ్ మీద, ఖాళీ తూటా బయటికొచ్చే కిటికీలోంచి కనపడే బ్యారెల్ మీద నంబర్లుంటాయి, మూడూ ఒకటే అయితే సంతోషం. బ్యారెల్ నంబరు వేరేదైతే ఎప్పుడో మార్చారని, కాల్చుకోటానికి ఇబ్బంది లేదు, కలెక్షన్ విలువ మాత్రం బాగా పడిపోద్ది. అన్నిటికన్నా ముఖ్యం ఫ్రేమ్ మీద నంబరూ లైసెన్సు పుస్తకంలో నంబరూ అంకె అంకె కలవాలి. పాత రోజుల్లో చేత్తో రాసిన పుస్తకాల్లో 3 ని 8 గా, 1 ని 7 గా ఎక్కించేసినవి చాలా ఉంటాయి, అలా ఉంటే పేరు మార్పు అప్లికేషన్ పెట్టే ముందే సరిచేయించుకోండి, తర్వాత అయితే ఆ ఒక్క అంకె దగ్గర ఫైలు కూర్చుండిపోద్ది. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్సుదారుకి 70 దాటినా, ఆయుధం 25 ఏళ్ళుగా ఆయన దగ్గరున్నా, బతికుండగానే వారసుడి పేరు మీదకి మార్చమని అడగొచ్చు, మీ నాన్నగారి విషయం అందులోకి వస్తాది. 2022లో జిల్లాలు విడిపోయాక మీది అమలాపురం కలెక్టరేట్ కిందకి వచ్చింది గాబట్టి కాకినాడ నుంచి పాత రికార్డు వచ్చిందో లేదో కూడా కనుక్కోండి.

ఇక కాల్చే సంగతి. చేతిలోకి తీసుకోగానే ముందు మ్యాగజైన్ తీసెయ్యాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) లోకి కంటితో చూడాలి, వేలు పెట్టి కూడా చూడాలి, ఈ వరస తిరగెయ్యకూడదు. ఈ పిస్తోలుకి మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచెయ్యకుండా ఒక సేఫ్టీ ఉంది, పిడి వెనక నొక్కుడు సేఫ్టీ ఇంకోటి ఉంది, బొటనవేలుది మూడోది. మ్యాగజైన్ తీసి ట్రిగ్గర్ నొక్కితే కదల్లేదని చెడిపోయింది అనుకునేవాళ్ళు కొందరు, కదల్లేదు గాబట్టి ఖాళీ అనుకునేవాళ్ళు ఇంకొందరు, ఈ రెండో రకం వాళ్ళతోనే ప్రమాదం. 80 ఏళ్ళ నాటి సేఫ్టీని నమ్ముకుని ఎవరి వైపూ గురిపెట్టొద్దు.

బ్యారెల్ విప్పి ఒక చివర తెల్లకాగితం పెట్టి రెండో చివర నుంచి చూడండి. లోపలి గాళ్ళు (గుండుని తిప్పే మెలికల గాడులు) పదునుగా మెరిస్తే అదృష్టం. నల్లటి చుక్కలు చుక్కలుగా ఉంటే పాత మిలటరీ తూటాల పని, వాటి ప్రైమర్ (తూటా అడుగున నిప్పంటించే మందు) లో క్లోరేట్ ఉండేది, కాల్చాక ఉప్పు లాంటిది మిగిలి గాల్లో చెమ్మని లాక్కుంటాది, మన దగ్గర చెమ్మకి కరువా. చుక్కలున్నా చాలావరకు గురి బానే ఉంటాది. కానీ లోపల ఎక్కడైనా ఉంగరం లాగా నల్లటి నీడ ఒకటి చుట్టూ కనిపిస్తే మాత్రం ఆగిపోండి, అది బ్యారెల్ ఉబ్బిన గుర్తు, ఎప్పుడో లోపల గుండు ఇరుక్కుని ఉంటే వెనకే ఇంకోటి కాల్చి ఉంటారు. అది కాల్చకూడదు, అంతే. మూతి దగ్గర గొట్టం ముక్క సరిగ్గా లాక్ అవుతుందో లేదో, తూటాని లాగే పంజా మొన విరగలేదు కదా, మ్యాగజైన్ పెదాలు (తూటాని పట్టి ఉంచే పై అంచులు) వంగిపోలేదు కదా చూస్కోండి. బ్యారెల్ చుట్టూ ఉండి కాల్చాక స్లైడ్ ని మళ్ళీ ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగ్ ఏళ్ళ తరబడి అలసిపోయి ఉంటాది, కాల్చాలనుకుంటే అది కొత్తది వేయించి పాతదాన్ని పేరు రాసిన కవర్ లో పెట్టి దాచండి. పాత మ్యాగజైన్ కూడా అంతే, అసలు మ్యాగజైన్ పోతే మళ్ళీ దొరకదు.

తూటాల దగ్గర ఇంకో మెలిక ఉంది. లైసెన్సులో 32 బోర్ అని ఒక్కమాటే రాస్తారు గానీ మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 32 రివాల్వర్ కి వేసే పొడుగు తూటా వేరు, ఈ పిస్తోలుకి పడే పొట్టి 32 ఏసీపీ వేరు. షాపులో తొందర్లో చేతిలో పెట్టింది తీసుకొచ్చెయ్యకండి, పెట్టె మీద చదవండి. ఈ పొట్టి తూటాకి అడుగున అంచు కొంచెం బయటికి ఉంటాది, మ్యాగజైన్ లో నింపేటప్పుడు పై తూటా అంచు కింద తూటా అంచుకి వెనక పడితే రెండూ కొక్కెం వేసుకున్నట్టు పట్టేసుకుంటాయి, స్లైడ్ ఎంత లాగినా పైది కదలదు, పిస్తోలు చెడిపోయింది అని మెకానిక్ దగ్గరికి పరిగెడతారు. ఒక్కో తూటా నింపేటప్పుడు పైది ముందుకి ఉండేట్టు చూస్కుంటే ఆ గొడవే ఉండదు.

రేటు అడిగారు. నేను అంకె చెప్పనండి, చూడకుండా చెప్పేవాడు దొంగ. ఒకటి మాత్రం తెల్సుకోండి, ఇదే పిస్తోలు అమెరికాలో మామూలు ఉద్యోగి కొనుక్కునే సరుకు. ఇక్కడ లక్షలు పలుకుతాయంటే 1980ల నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి మూసేశారు గాబట్టి, అది కొరత రేటు, పిస్తోలు గొప్పతనం రేటు కాదు. పైగా ఇక్కడ కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది ఆత్మరక్షణకి కొనేవాళ్ళే, డేగ ముద్ర వాళ్ళకి అక్కర్లేదు, నికెల్ మెరుపు చూసి ముచ్చటపడతారు, మీ స్నేహితుడు చెప్పింది ఆ బజారు లెక్కన పూర్తిగా అబద్ధం కూడా కాదు. నన్నడిగితే మీది దాచుకోవాల్సినదే, ఏడాదికోసారి రేంజ్ లో కొత్త స్ప్రింగ్ తో ఒక మ్యాగజైన్ కాల్చుకోండి, అమ్మకండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ లో ఉంటాడు, అక్కడ లైసెన్సులూ అవీ అన్నీ చూసుకునే కొంటున్నాడు. 1911 పిస్తోలు, రెమింగ్టన్ ర్యాండ్ అని ఉంది. టైపు మిషన్ల కంపెనీ పేరు తుపాకీ మీద ఉందంటే డూప్లికేట్ కదండీ? ఇండియా వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. (తణుకు నుంచి ఒక తండ్రి)

జవాబు: డూప్లికేట్ కాదండి బాబాయ్ గారూ, మనం టైపు ఇన్స్టిట్యూట్ లో ఏఎస్డీఎఫ్ కొట్టిన ఆ రెమింగ్టనే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఎవరి దగ్గర మంచి మిషన్లుంటే వాళ్ళకి పిస్తోళ్ళు చెయ్యమని ఆర్డర్లిచ్చింది. రెమింగ్టన్ ర్యాండ్ 8 లక్షలకి పైగా చేసింది, రైల్వే సిగ్నళ్ళు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీ సుమారు 55 వేలు, మనింట్లో కుట్టుమిషన్ మీద ఉండే సింగర్ కూడా చేసింది, అది మాత్రం 500 మాత్రమే. ఆ సింగర్ పిస్తోలు కలెక్షన్ వాళ్ళకి బంగారం, అందుకే సింగర్ పేరు దొంగగా కొట్టినవి కూడా తిరుగుతుంటాయి. ఎవరైనా సింగర్ అని తక్కువ రేటుకి చూపిస్తే మీ వాణ్ణి నవ్వేసి వచ్చెయ్యమనండి.

రెమింగ్టన్ ర్యాండ్ లో చూడాల్సింది ఏంటంటే ఫ్రేమ్ ఎడమవైపు ఎఫ్ జే ఏ అనే మూడక్షరాలు, అది ఆ ఫ్యాక్టరీలో సైన్యం తరఫున ఉన్న ఇన్స్పెక్టర్ పేరులోని అక్షరాలు. పూత మెరవకూడదు, పార్కరైజింగ్ అని బూడిదరంగులో, కొన్ని కాస్త పచ్చ ఛాయలో, గరుగ్గా ఉండాలి. నల్లగా నిగనిగలాడుతుంటే తర్వాత ఎవరో వేయించారన్నమాట. ఇందాక బెల్జియం దానికి మూడు నంబర్లు కలవాలి అన్నానా, ఇక్కడ ఆ లెక్క పనిచెయ్యదు, యుద్ధకాలం 1911ఏ1 (1911కే కాస్త మార్చిన రకం, రెమింగ్టన్ ర్యాండ్ చేసింది ఇదే) కి సీరియల్ నంబరు ఫ్రేమ్ మీదే ఉంటాది. సైన్యం డిపోల్లో వీటిని విప్పి కుప్పలుగా పోసి దొరికిన స్లైడ్ దొరికిన ఫ్రేమ్ కి బిగించి మళ్ళీ ఇచ్చేసేవారు, అలా చేసినదాని మీద డిపో అక్షరాలు కొట్టి ఉంటాయి, ఆర్ఐఏ అంటే రాక్ ఐలండ్, ఏఏ అంటే ఆగస్టా. కొందరు అమాయకులు రెమింగ్టన్ ఫ్రేమ్ మీద కోల్ట్ స్లైడ్ చూసి మోసం అనుకుంటారు, అది సైన్యం చేసిన పనే. విలువ తక్కువ, చరిత్ర నిజం.

కాల్చుకోటానికే అయితే నేను ఈ కలిపికుట్టిన డిపో పిస్తోలే కొనమంటాను, ఎందుకంటే స్ప్రింగులు మార్చినా, గీత పడినా ఎవరికీ బాధ ఉండదు. అక్కడ సీఎంపీ అనే సంస్థ 2018 నుంచి సైన్యం వదిలేసిన 1911లని గ్రేడ్లు కట్టి అమ్ముతోంది, అలాంటి చోట కొంటే చెక్ చేసిన సరుకు వస్తాది. తూటా మాత్రం మామూలు 230 గ్రెయిన్ల (గుండు బరువు) గుండ్రటి ముక్కుదే వాడాలి, ఆ పిస్తోలు పుట్టిందే దానికోసం, కొత్తరకం ఘాటు తూటాలు వేసి పాత స్లైడ్ ని హింసపెట్టకూడదు. అసలు పూతతో, మార్పులేం లేకుండా ఉన్న రెమింగ్టన్ దొరికితే అది అద్దాల బీరువాకి, దాన్ని రేంజ్ కి తీసుకెళ్ళి పాడుచేస్తే మనకే నష్టం.

ఇండియాకి తేవడం అన్న మాట మీ ఇంట్లో ఇంకోసారి వినపడకూడదు బాబాయ్ గారూ. ఆ 1911 పిస్తోలు 45 బోర్ ది, అది మన దేశంలో నిషేధిత బోర్, దానికి లైసెన్సు కలెక్టర్ కూడా ఇవ్వలేడు, ఢిల్లీ నుంచి రావాలి. సామాన్లో ఒక్క తూటా దొరికినా ఎయిర్ పోర్టులో కేసు, రేంజ్ కి వాడే బ్యాగు అక్కడే వదిలేసి వేరే బ్యాగుతో రమ్మనండి.

ప్రశ్న: రాజమండ్రిలో ఒకాయన దగ్గర 1903 కోల్ట్ 32 పిస్తోలు ఉంది, లైసెన్సు ఉన్నదే. ఇది స్వాతంత్ర్య పోరాటంలో వాడినది అని చెప్పి రెట్టింపు అడుగుతున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: కాయితం ఉంటే నమ్మొచ్చు. చంద్రశేఖర్ ఆజాద్ 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ ఆల్ఫ్రెడ్ పార్కులో ఆఖరిదాకా పోరాడింది ఇలాంటి కోల్ట్ తోనే, అది ఇప్పుడు అలహాబాద్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత నుంచీ మన దేశంలో పాత కోల్ట్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక విప్లవకారుడు పుట్టేశాడు. అలాంటిది నిజంగా ఉంటే పాత లైసెన్సు పుస్తకం, కొన్న షాపు బిల్లు, ఆ కాలం ఉత్తరమో ఫోటోనో, వాటిలో ఈ నంబరు, ఏదో ఒకటి చూపించాలి. నోటి కథకి పైసా ఇవ్వొద్దు.

కథ పక్కనపెట్టి పిస్తోలు చూడండి. మొదటి ఏళ్ళలో వచ్చినవాటికి మూతి దగ్గర బ్యారెల్ చుట్టూ విడిగా ఊడొచ్చే బుష్ (ఉంగరం లాంటి ముక్క) ఉంటాది, 1910 ప్రాంతంలో అది తీసేశారు. 1926 నుంచి మ్యాగజైన్ సేఫ్టీ వచ్చింది. కాబట్టి మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచెయ్యని పిస్తోలుని ఎవరైనా 1920 నాటిది అంటే అక్కడే దొరికిపోయినట్టు. ఈ కోల్ట్ కి హ్యామర్ లెస్ అని పేరున్నా లోపల హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) ఉంటాది, స్లైడ్ దాన్ని కప్పేస్తాది అంతే. అమెరికా సైన్యం జనరళ్ళకి కూడా ఇదే ఇచ్చేవారు, పనితనం అంత చక్కగా ఉంటాది, కథ లేకపోయినా మంచి ధర పెట్టొచ్చు.

కొనాలనుకుంటే చేతికి తీసుకునే ముందు ఒక పని ఉంది. అమ్మేవాయన తన ఉద్దేశం రాతపూర్వకంగా కలెక్టరేట్ కి గానీ దగ్గర్లో పోలీస్ స్టేషన్ కి గానీ తెలిపి 45 రోజులు ఆగాలి, చట్టం అలాగే చెప్తోంది. మీ లైసెన్సులో ఇప్పటికే రెండు ఆయుధాలుంటే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మూడోది కుదరదు. అడ్వాన్స్ ఇచ్చి వేళ్ళు కొరుక్కోకండి.

ప్రశ్న: పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద ట్రంకు పెట్టెలో తుప్పు పట్టిన పిస్తోలు దొరికింది. లైసెన్సు ఏదీ కనపడలేదు. పురాతన వస్తువు అని ఉంచుకోవచ్చా? (రాజోలు)

జవాబు: లేదండి. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాతవాటికి మాత్రమే చట్టంలో మినహాయింపు, పేలుతుందో లేదో తేల్చేది మీరూ నేనూ కాదు. తుడవొద్దు, స్లైడ్ లాగొద్దు, లోపల తూటా ఉండొచ్చు. ఎక్కడుందో అక్కడే వదిలేసి స్టేషన్ కి ఫోన్ చేసి వాళ్ళనే రమ్మనండి, మీ అంతట మీరు సంచిలో వేసుకుని బస్సెక్కితే దారిలో దొరికినప్పుడు ఆ కథ ఎవరూ వినరు.

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర, సముద్రం గాలికి ఇంట్లో తాళాలే తుప్పు పట్టేస్తాయి. నాన్నగారి వాల్తర్ పీపీ పిస్తోలు పాత తోలు కేసులో ఉంది. ఎలా కాపాడుకోవాలి?

జవాబు: ముందు ఆ తోలు కేసులోంచి బయటికి తియ్యండి. పచ్చి తోలుని పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు అందులో ఉండిపోతాయి, చెమ్మ తగిలితే అవి లోహాన్ని తింటాయి, తోలు ఎక్కడ ఆనుకుందో అక్కడే బ్లూ ఊడి గోధుమరంగు మచ్చ పడుద్ది. తోలు కేసు పారెయ్యొద్దు, మిలటరీ ముద్ర ఉంటే దానికీ విలువే, విడిగా గాలి తగిలే చోట పెట్టండి. పిస్తోలుకి పలచగా నూనె రాసి, అంటే గుడ్డకి రాసి ఆ గుడ్డతో తుడవడం అన్నమాట, కారేట్టు పొయ్యటం కాదు, నూలు గుడ్డలో చుట్టి సిలికా జెల్ తో గట్టిగా మూతపడే స్టీల్ పెట్టెలో, తాళం వేసి పెట్టండి. కొబ్బరి నూనె రాస్తున్నాం అని రాశారు ఇంకొకరు, దయచేసి ఆపెయ్యండి, అది కొన్నాళ్ళకి జిగురై సేఫ్టీ మీటని పట్టేస్తాది. చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ చెమట వేలిముద్రలు తుడవాలి, అందరికీ చూపించి అలాగే లోపల పెట్టేస్తే వారంలో వేలిముద్రల్లాగే తుప్పు కనపడుద్ది.

అసలు గండం ఎలక్షన్ల టైములో ఉంది. కోడ్ వచ్చాక స్టేషన్ లో డిపాజిట్ చెయ్యమంటారు, ఒక చీటీ కట్టి మిగతా తుపాకులతో పాటు బీరువాలో పడేస్తారు, నెలల తరబడి ఎవరూ ముట్టుకోరు. ఇచ్చే ముందు మామూలు కన్నా కొంచెం ఎక్కువ నూనె రాయండి, మ్యాగజైన్ ఖాళీ చేసి తూటాలు విడిగా లెక్కపెట్టి ఇవ్వండి, రెండువైపులా నంబరు కనపడేట్టు ఫోటోలు తీసుకోండి, రసీదులో సీరియల్ నంబరు, మ్యాగజైన్లు ఎన్ని, తూటాలు ఎన్ని రాశారో లేదో అక్కడే నిలబడి చదవండి. రెండో మ్యాగజైన్ రసీదులో ఎక్కకపోతే తిరిగి తీసుకునేటప్పుడు అడగటానికి మీ చేతిలో ఏం ఉండదు.